పొట్టి కొస

తాడు రెండో కొస నేలకు అందడం లేదని ఊర్మిల కనిపెట్టేసరికి, ఆమె అదే తాడుకు వేలాడుతోంది.

ఒక కొస కింద ఇసుకలో చుట్టలుగా పడి ఉంది. రెండోది ఆమె బూటుకు జానెడు కింద గాలిలో ఊగుతోంది. దాని చివర ముడి. ముడి కింద నాలుగు మీటర్ల ఖాళీ. ఖాళీ కింద బండలు.

పైన రాతికి బిగించిన రింగులోంచి సగానికి మడిచి వదిలిన తాడు అది. రెండు పోగుల మీదా దిగాలి. ఒక పోగు జారిపోయిందంటే రెండోది కూడా రింగులోంచి సర్రుమని వచ్చేస్తుంది, మనిషితో సహా. పొద్దున లింబాద్రి చెప్పిన మొదటి పాఠమే ఇది. "ఒక పోగు వదిలితే రెండోది ఉన్నట్టు గాదు మేడం."

మేడం. పొద్దుటి నుంచీ ఆ మాట ఆమెకు గుచ్చుకుంటూనే ఉంది.

"తాడు పొట్టిగా ఉంది," అని అరిచింది.

పైన ఇద్దరు మగవాళ్ళు, మతీన్, లింబాద్రి. గోడ మధ్యలో పొట్టలా ఉబ్బడం వల్ల ఆమెకు వాళ్ళు కనబడరు, వాళ్ళకు ఆమె కనబడదు. గొంతులు మాత్రం రెండు గోడల మధ్య దొర్లుకుంటూ వస్తాయి.

"ఏమంటాందిరా ఆయమ్మి?" మతీన్ గొంతు.

"ఒక కొస కిందకి అందట్లేదు మతీన్ భాయ్," అని ఆమె మళ్ళీ అరిచింది.

"నలభై మీటర్ల తాడు. పద్దెనిమిది మీటర్ల గోడ. అందకపోవడం ఏందమ్మా?"

ఊర్మిల కాలితో ఆ కొసను పైకి లాగి ఎడమచేత్తో పట్టుకుంది. ఆమె సౌదీలోని తబూక్‌లో ఆపరేషన్ థియేటర్ నర్సు. కోసినదానికీ తెగినదానికీ తేడా చూడగానే తెలుస్తుంది. పదునైన కత్తితో అడ్డంగా కోసి, దారాలు విడిపోకుండా అంచును కాల్చారు. కాలిన చోటు ఇంకా మెరుస్తోంది. కొత్త కోత.

"దీన్ని ఎవరో కోశారు," అంది.

పైన ఇనుము రాతికి తగిలిన చప్పుడైంది.

తబూక్ నుంచి కారులో మూడు గంటలు, ఆ పైన కొండ చుట్టి పైకి గంట నడక. ఎర్రరాతి కొండ నిలువునా పగిలితే ఏర్పడిన సందు అది. కొన్నిచోట్ల భుజాలు పక్కకు తిప్పితే గాని మనిషి పట్టడు. పైన రెండు చిన్న గోడలు చేతులతోనే జారుతూ దిగారు. జారడం కుదురుతుంది, తిరిగి ఎక్కడం కుదరదు. తాడు బయటికి తీసింది ఇక్కడే మొదటిసారి. ఇది దిగి పావుగంట నడిస్తే సందు అయిపోతుంది. అక్కడ మతీన్ భార్య మెహజబీన్ కారు దగ్గర కాచుకుని ఉంది. ఆమే ఊర్మిలను ఈ ట్రిప్పుకు లాక్కొచ్చింది. ఒకే హాస్పిటల్, ఒకే షిఫ్టు.

మతీన్‌ది ప్రొద్దుటూరు. డ్రైవరు. తాడు నిన్నటి నుంచి అతని కారు డిక్కీలోనే ఉంది. అతని జేబులో ఎప్పుడూ ఒక కత్తి ఉంటుంది.

లింబాద్రిది ఆర్మూరు దగ్గర పల్లె. యాన్బు రిఫైనరీలో తాళ్ళకు వేలాడుతూ చిమ్నీలు తనిఖీ చేసే టెక్నీషియను. ఏడాది కిందట తబూక్‌కి టవర్ పని మీద వచ్చి అరచెయ్యి కోసుకున్నాడు. కుట్లు వేస్తున్నంతసేపూ ఊర్మిల పక్కనే నిలబడింది. ఆ రోజు అందరిలాగే అతనూ "సిస్టర్" అన్నాడు. రెండో నెల నుంచి ఆ మాట మింగడం మొదలుపెట్టాడు. సిస్టర్ అనడానికి మనసు రాదు, పేరు పెట్టి పిలవడానికి ధైర్యం రాదు. ఏడాదిగా "ఇగో", "చూడుండ్రి", "మిమ్మల్నే" అంటూ నెట్టుకొస్తున్నాడు.

నెలకోసారి ఏడు గంటలు బస్సులో కూర్చుని వచ్చి, మతీన్‌ను చూసిపోదామని వచ్చానంటాడు. మతీన్ ముఖంలో నెలనెలా చూడవలసింది ఏముందో మెహజబీన్‌కే అర్థం కాలేదు.

ఒక్క మాట చెప్పడానికి ఇంకెన్ని బస్సులు ఎక్కుతాడా అని ఊర్మిల ఎదురుచూస్తోంది. ఈ రోజు చెబుతాడనుకుంది. పొద్దున చూస్తే ముఖం తాళం వేసిన ఇల్లులా ఉంది. పైగా మేడం.

ఇప్పుడు కోసిన తాడు.

చెంప మీద ఒక చుక్క పడింది. తల ఎత్తింది. గోడల మధ్య సన్నటి ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. ప్రేమలో ఉన్నవాళ్ళకు వాన మంచిదే, నెత్తిన కప్పు ఉంటే. ఇక్కడ పది కిలోమీటర్ల అవతల కొండ మీద పడిన నీళ్ళు కూడా ఈ సందులోంచే పోవాలి. ఆమె మోచేతి పక్కన, ఇందాకటిదాకా పొడిగా ఉన్న రాతి మీద, మట్టిరంగు ధార ఒకటి దారి వెతుక్కుంటూ దిగుతోంది.

"ఊర్మిలా."

లింబాద్రి. ఏడాదిలో మొదటిసారి పేరు పెట్టి. గమనించడానికి అది సమయం కాదు. అయినా గమనించింది.

"ఊర్మిలా, కదలకు. నేను చెప్పేది విను. పొడుగు పోగును క్లాంపుతోని బండకు బిగించిన. అది ఇగ రింగులకెళ్లి జారది. నువ్విప్పుడు పొట్టి కొస ముడి ఇప్పాలె."

"ఏంటి?"

"ముడి ఇప్పు. నడుం కాడి బ్రేకులకెళ్లి ఆ కొసను పోనియ్యి. అవతలి ఒక్క పోగు మీద దిగు."

"ఈ ముడి బ్రేకుకు అడ్డం పడుతుంది కాబట్టే నేను పడిపోను. నువ్వే కదా చెప్పావు?"

"ఎరుకే. ఏసింది గూడ నేనే. అది ఉన్నంతసేపు పడవు. కిందికీ పోవు. ఎనుకకెళ్లి నీళ్లొస్తున్నయి."

"తాడు ఎవరు కోశారు?"

"దిగినంక చెప్త."

"ఇప్పుడే చెప్పు."

"ఇప్పుడు చెప్తే నువ్వు ముడి ఇప్పవు."

"ఒరే, ఏం మాటలురా అవి," అన్నాడు మతీన్. "తాడు నా కార్లో ఉండె. ఆయమ్మి నన్ననుకుంటాది."

"నువ్వు జెర సప్పుడు చెయ్యకు."

ఊర్మిల ముడి వైపు చూసింది. మోసం చేసేవాడు తేలికైన జవాబు చెబుతాడు. రాయికి ఒరుసుకుని తెగిందనో, అమ్మినవాడు తక్కువ కొలిచాడనో. ఇతను వెతికి వెతికి తన మీద అనుమానం వచ్చే మాటే చెప్పాడు. అంత చేతకానివాడు అబద్ధం ఆడలేడు.

బుర్ర అలా తేల్చింది. వేళ్ళు ఒప్పుకోలేదు. ముడి తడిసి బిగిసి ఉంది. వేసినవాడు గట్టిగానే వేశాడు.

"లింబాద్రీ, మూడు లెక్కపెట్టు. మూడు దగ్గర వదిలేస్తాను."

"ఒకటి."

ఆమె ముడిలో గోరు దూర్చింది. అది కదిలింది.

"రెండు."

ముడి విడిపోయింది. కొస ఆమె గుప్పిట్లో ఉంది. వదలడమే తరువాయి.

పైనుంచి మూడు రాలేదు.

"అనవేం?"

"భయమైతుంది."

"వేలాడుతున్నది నేను కదా."

"అందుకే."

ఊర్మిల వదిలేసింది.

కొస బ్రేకులోంచి సర్రున జారిపోయింది. బరువంతా ఒక్క పోగు మీద పడింది. తాడు జానెడు సాగింది. ఆమె గుండె గజం దిగింది. తర్వాత తాడు ఆగింది.

కాళ్ళు ఇసుకను తాకాక గానీ ఆమె ఊపిరి పీల్చలేదు. ఇసుక అప్పటికే తడి.

తర్వాత మతీన్ దిగాడు. సగం దారి దువా చదువుతూ, సగం దారి లింబాద్రిని తిడుతూ వచ్చాడు. బ్రేకు విప్పుకోగానే ఊర్మిల చెయ్యి చాపింది.

"నీ కత్తి చూపించు భాయ్."

మతీన్ తీసి ఇచ్చాడు. దాని అంచు రంపంలా ఉంది. "దీంతో పుచ్చకాయ కోయాలంటే ఇద్దరు మనుషులు కావాల. అల్లా సాక్షి, తాడు సంగతి నాకు తెలీదమ్మా."

ఈ కత్తితో అంత నీటైన కోత పడదు. మిగిలింది ఒక్కడే. అతను పైనే ఉన్నాడు, తాడు సర్దుతున్నాడు.

"అతను పొద్దుటి నుంచి అలా ఎందుకున్నాడు? నా మొహం కూడా చూడట్లేదు."

"ఎట్ల చూస్తాడు? నీకు ఎగ్జిట్ పడిందాయె. బుధవారం పోతాండావు."

"అతనికెవరు చెప్పారు?"

"నేనే. నిన్న సాయంత్రం."

"ఏమని?"

"ఎగ్జిట్ పడిందని."

"భాయ్, నాది ఎగ్జిట్ రీ-ఎంట్రీ. సెలవు. ఆరు వారాలకు తిరిగొస్తాను."

"రెండూ ఎగ్జిట్టే కదమ్మా."

ఈ దేశంలో పన్నెండేళ్ళుగా బండి నడుపుతున్న మనిషి. సెలవుకు వెళ్ళి వచ్చే కాగితం ఒకటి, మూట సర్దుకుని మళ్ళీ రాకుండా పోయే కాగితం ఒకటి. లేబర్ క్యాంపుల్లో వట్టి ఎగ్జిట్ అంటే రెండోదే. ఆ మాట వింటే అక్కడ భోజనాలు ఆగిపోతాయి.

"ఆ రెండో ముక్క ఎందుకు మింగావు?"

"పొడుగ్గా ఉందని."

తిట్టడానికి ఆమె నోరు తెరిచింది. అప్పుడే వినబడింది, పై వంపు అవతల నుంచి, లారీ లోడు కంకర దింపుతున్నట్టు చప్పుడు.

"లింబాద్రీ, దిగు."

అతను తాడును ఈసారి సరిగ్గా సగానికి మడిచి దిగుతున్నాడు. గోడ ఉబ్బు దాటి కనబడ్డాడు. రెండు కొసలూ నేలకు మీటరు పైనే అయిపోయాయి. అక్కడినుంచి దూకాడు. లేచి తాడు లాగబోయాడు.

"వదిలెయ్," అంది ఊర్మిల. నీళ్ళు చీలమండలు దాటాయి.

"తాడు—"

"వదిలెయ్ అన్నాను."

ఒకరి వెనక ఒకరు, భుజాలు పక్కకు తిప్పుకుని నడిచారు. పరుగెత్తడానికి జాగా లేదు. ముందు మతీన్, మధ్యలో ఊర్మిల, వెనక లింబాద్రి. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి, ముళ్ళకంపను, గొర్రె బొచ్చును, ఎవరిదో పాత చెప్పును మోసుకుంటూ. ఒకచోట ఆమె కాలు జారింది. వెనకనుంచి ఒక చెయ్యి నడుం పట్టీ పట్టుకుని నిలబెట్టి వెంటనే వదిలేసింది.

"ఇగో, చూసుకోండ్రి," అన్నాడు లింబాద్రి.

మళ్ళీ ఇగో. మళ్ళీ మీరు.

వెలుగు వెడల్పయింది. మెహజబీన్ గట్టు మీద నిలబడి రెండు చేతులూ ఊపుతోంది. వాళ్ళు రాళ్ళు పట్టుకుని పైకి పాకారు. ఊర్మిల వెనక్కి తిరిగి చూసేసరికి, తాము ఇప్పుడే నడిచొచ్చిన దారిలో మనిషెత్తు బురద నీరు ఎగిరెగిరి పడుతూ పోతోంది.

మెహజబీన్ భర్తను గట్టిగా పట్టుకుంది. తర్వాత ఒకటి అంటించింది. "వాతావరణం చూసినానంటివే."

"జెద్దాది చూసినా," అన్నాడు మతీన్.

ఊర్మిల నవ్వలేదు. లింబాద్రి దూరంగా నిలబడి తడిసిన చేతితొడుగులు ఒక్కొక్క వేలూ లాగుతూ విప్పుతున్నాడు. ఆమె వెళ్ళి అతని ఎదురుగా నిలబడింది. ఈ మనిషి చేతిలో మళ్ళీ తన ప్రాణం పెట్టగలదా లేదా, అది ఇప్పుడు తేలాలి.

"దిగాక చెప్తానన్నావు."

లింబాద్రి తల ఎత్తాడు.

"నేనే కోసిన. నిన్న సాయంత్రం మతీన్ ఇంటి ముంగట తాడును మొత్తం తడిమి చూస్తుంటే ఒక కొసకు ఆరు మీటర్ల కాడ మెత్తగ తాకింది. లోపలి దారం పోయినట్టు. అసుంటిదాని మీద మిమ్మల్ని ఎట్ల దించుత? ఆరు మీటర్లు కోసేసిన. కోసుడు తప్పు గాదు. కోసినంక నడుమ గుర్తు మార్చాలె. తాడుకు నట్టనడుమ నల్లటేపు ఉంటది. దాన్ని పీకి కొత్త నడుమ చూసి ఏయాలె. గప్పుడే మతీన్ చాయ్ పట్టుకొచ్చి, ఊర్మిలకు ఎగ్జిట్ పడ్డదిరా, బుధవారం పోతదన్నడు. చాయ్ తాగిన. తాడు చుట్టిన. టేపు యాది లేదు. పదకొండేండ్లల్ల గిట్ల ఎన్నడు చెయ్యలే. ఇయ్యాల ఆ పాత గుర్తు చూసే మడిచిన. తప్పు నాదే. మీరేమన్నా పడుత."

ఊర్మిల అతని ముఖంలోకి చూసింది. ఎక్కడా సాకు లేదు.

"పేరు పెట్టి పిలిచావు కదా, మళ్ళీ మీరు ఏంటి?" అంది. "నాది రీ-ఎంట్రీ. ఆరు వారాలు. మతీన్ భాయ్ సగమే చెప్పాడు."

లింబాద్రి మతీన్ వైపు చూశాడు. మతీన్ కారు టైరు వైపు చూశాడు.

లింబాద్రి ముఖంలో సంతోషం రావలసిన చోట ఇంకేదో వచ్చింది. ఎర్రబడ్డాడు. తర్వాత పాలిపోయాడు.

"మళ్ళీ ఏం చేశావు?" అంది ఊర్మిల.

"ఇంకోటి గూడ చెప్పాలె," అన్నాడు. "నువ్వు మొత్తానికే పోతున్నవనుకున్న. ఏడాది సంది నోరు తెరువలే, ఇగ ఇక్కడుండి చిమ్నీలకు చెప్పాల్నా అనిపించింది. మీ ఊరికొచ్చి మీ బాపునే అడుగుదమనుకున్న. నిన్ననే వీసా ఇచ్చిన మా కఫీల్‌కు మెసేజ్ పెట్టిన. ఏ పనైనా నెల తిప్పుతడు, ఇదొక్కటి గంటల చేసిచ్చిండు. టికెట్ గూడ తీసిన, బుధవారం, నీ విమానమే. నాకు గూడ ఎగ్జిట్ పడ్డది ఊర్మిలా. నాది రీ-ఎంట్రీ గాదు. ఫైనల్."