బుడంకాయ ఫోన్ దగ్గరికి రావడం లేదు

పొద్దున్న ఏడింటికి పరాయి దేశంలోని ఆ హాస్టలు వంటగదిలో ఐదుగురు ఆడపిల్లలకి ఒక్కటే పొయ్యి. ఎవరి గిన్నె ముందు ఎక్కితే వాళ్లది రాజ్యం. ఇంజనీరమ్మ ఆ పోటీలోకి దిగదు. కిటికీ పక్కనున్న చిన్న బల్ల ఆమెది. ఒక పక్క టీ, ఒక పక్క కాల్చిన బ్రెడ్డు, మధ్యలో పంచదార డబ్బాకి చేరగిలబెట్టిన ఫోను. ఇక్కడ తెల్లారేసరికి ఇంటి దగ్గర సాయంత్రం అవుతుంది. బడి నుంచి వచ్చిన పిల్ల కాళ్లు కడుక్కుని, పాలు తాగి, ఫోను ముందు కూచోవలసిన వేళ అది.

ఇంజనీరమ్మ అనేది అత్తగారు పెట్టిన పేరు. పెళ్లైన కొత్తలో కోడలు రోడ్ల శాఖ ఉద్యోగానికి నెత్తిన హెల్మెట్ పెట్టుకుని బయల్దేరుతుంటే చూసి తెగ మురిసిపోయి, వీధిలో కనపడ్డ వాళ్లందరికీ "మా ఇంజనీరమ్మ" అని చెప్పుకునేది. ఆ తర్వాత కోడలికి పై చదువుకి పరాయి దేశంలో సీటొచ్చింది. లెక్కల మాస్టారైన మొగుడు ఎటూ తేల్చలేక గడ్డం గోక్కుంటూ కూచుంటే, ముందుగా ఊ అన్నదీ ఆవిడే. నాలుగేళ్ల పిల్లని వదిలి ఎలా వెళ్లనని కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంటే, అది నాకు పరాయిదా, నేను చూసుకోనా అని కసిరి మరీ బండెక్కించింది. ఆ పిల్లే బుడంకాయ. బొద్దుగా, పొట్టిగా, ఎక్కడ వదిలితే అక్కడికి దొర్లుకుంటూ పోయే రకం కాబట్టి వాళ్ల నాన్న పెట్టిన పేరది.

తెర మీద ముందు మాస్టారి నుదురు కనపడింది. ఆయన ఎప్పుడు ఫోను పట్టుకున్నా సగం నుదురు, సగం గోడే కనపడతాయి. పిల్లేదని అడిగింది ఇంజనీరమ్మ. ఆడుకుంటోంది అన్నాడాయన. నిన్నా అదే మాట, మొన్నా అదే మాట. ఆయన వెనకాల తలుపు కర్టెన్ కింద నుంచి రెండు చిన్న పాదాలు కనపడుతున్నాయి. బుడంకాయా అని ఆమె పిలవగానే ఆ పాదాలు చటుక్కున వెనక్కి పోయాయి.

అయినా ఆమె నవ్వింది. ఫోనులో ఏడవకూడదని ఆమె పెట్టుకున్న నియమం. ముందు మొహం కడుక్కుని, బొట్టు సరిచేసుకుని, ఆ తర్వాతే ఫోను తీస్తుంది. అమ్మ సుఖంగా ఉందనుకుంటే పిల్ల కూడా నిబ్బరంగా ఉంటుందని ఆమె ఆశ.

మొదట్లో ఇలా ఉండేది కాదు. అమ్మ మొహం కనపడితే చాలు, బుడంకాయ గుక్కపట్టి ఏడ్చేది. తెర మీద చెయ్యి పెట్టి రా, రా అని పిలిచేది. ఆ ఏడుపు చూసి ఇక్కడ తల్లికి రోజంతా అన్నం సయించేది కాదు. కొన్నాళ్లకి ఏడుపు తగ్గింది. హమ్మయ్య, అలవాటు పడిందనుకున్నారు అందరూ. అలవాటు పడటం కాదది. అడిగిన దానికి గోడ వంక చూస్తూ ఊ, ఊహూ అనడం మొదలెట్టింది. సెలవులకి వస్తానన్న అమ్మ రాలేదు. ఇక్కడ ల్యాబులో యంత్రం పాడై పని వెనకబడింది, ప్రయాణం ఆగిపోయింది. అప్పట్నుంచి పిల్ల ఫోను దగ్గరికి రావడమే మానేసింది.

"పిల్లలంతే అక్కా, ఆటల్లో పడితే అమ్మా లేదు, బామ్మా లేదు" అంది పళ్ల డాక్టరు చదువుతున్న తెలుగు పిల్ల, గిన్నె దించుకుంటూ. ఓదార్పుకే అంది పాపం. ఇంజనీరమ్మ బ్రెడ్డు ముక్క వదిలేసి లేచింది.

ఆమె చదువంతా సిమెంటు దిమ్మెలు. సిమెంటు కొంత తగ్గించి, ఆ మేరకి ఊక కాల్చిన బూడిద కలిపితే రోడ్డుకి బలం ఉంటుందా ఉండదా అన్నది ఆమె పరిశోధన. కలిపిన ముద్దని అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక దిమ్మెలు తీసి నీళ్ల తొట్టిలో నానబెడతారు. కొన్ని వారం నానాలి, కొన్ని నెల నానాలి. ఆ తర్వాత ఒక్కోదాన్నీ యంత్రం కింద పెట్టి, పగిలేదాకా నొక్కి, ఎంత బరువు మోసిందో చూస్తారు. ఒకసారి పగిలిన దిమ్మె మళ్లీ అతకదు కాబట్టి తొట్టిలోంచి తీసేముందే ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

ఆ రోజు ఆమె చూసుకోలేదు. కళ్లముందు కర్టెన్ కింది పాదాలే ఉన్నాయి. తొట్టిలో చెయ్యి పెట్టింది, చేతికందిన వరుస తీసింది, తుడిచింది, యంత్రం కింద పెట్టింది. ఆరు దిమ్మెలు పగిలాక, వీటి మీద రాసిన తేదీ ఇంకోలా ఉందేమిటని ల్యాబు చూసుకునే పెద్దాయన అడిగాడు. నెల నానాల్సిన వాటిని వారానికే నుగ్గు చేసేసింది. ఏ పని కోసం సెలవులకి ఇంటికి వెళ్లలేదో ఆ పని దిమ్మెలవి. ఆమె నేల మీది ముక్కల వంక చూస్తూ నిలబడిపోయింది.

ప్రొఫెసరు కేకలు వెయ్యలేదు, వేస్తే బాగుండేది. మళ్లీ పోత పొయ్యమన్నాడు. నీ మనసిక్కడ లేదు, కొన్నాళ్లు చదువు ఆపుకుని తర్వాత రావచ్చు, ఆలోచించుకో అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనమే ఆమెని కుంగదీసింది. ఇక్కడ దిమ్మె మిగల్లేదు, అక్కడ పిల్ల మిగల్లేదు, రెంటికీ చెడ్డ బతుకైపోయింది నాది అనుకుంది. ఆడవాళ్ల బాత్‌రూములో కుళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున నోరు నొక్కుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్న మళ్లీ అదే బల్ల, అదే పంచదార డబ్బా. మాస్టారు ఆడుకుంటోంది అనబోతుండగానే ఆయన వెనక నుంచి బుడంకాయ ఒక్క ఉరుకున అవతలి గదిలోకి పోయింది. కనపడింది ఒక్క క్షణమే. ఆ క్షణంలోనే తల్లి చూసింది, పిల్లకి జడ లేదు. మెడ దాకా కత్తిరించేశారు. ఇంజనీరమ్మ వెళ్లేముందు రోజు వేళ్లతో చిక్కు తీసి, నూనె రాసి వేసిన జడ అది. పెంచండి, నేనొచ్చి వేస్తాను అని చెప్పి వచ్చిన జడ.

అత్తయ్యని పిలవమంది. మాస్టారికి ఆ గొంతు అర్థమైంది. ఏదో సర్ది చెప్పబోయాడు. పిలవండి అంది మళ్లీ. ఆవిడ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూచుంది, ఎప్పట్లాగే తెరకి మరీ దగ్గరగా.

"పిల్ల జుట్టు ఎవర్ని అడిగి తీయించారు అత్తయ్యా?"

"పేలు పడ్డాయే అమ్మాయ్. తల పుండ్లు పడిపోతుంటే చూడలేక..."

"నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?"

"చెప్తే బాధపడతావని. అసలే నీకక్కడ ఊపిరాడని పని."

ఆ మాటతో ఇంజనీరమ్మకి ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ లోపల లోపల కుమిలిందంతా నోటికొచ్చింది.

"నా బాధ సంగతి మీరు చూడక్కర్లేదు. నా పిల్ల నా మొహం చూడటం లేదు. నేను పిలిస్తే పారిపోతోంది. మీరు దానికేం చెప్తున్నారో నాకు తెలీదు. వెళ్లు వెళ్లు అని నన్ను తోసింది మీరే. నన్ను పంపేసి నా పిల్లని మీరు ఉంచేసుకున్నారు."

మాస్టారు ఏం మాటలవి అని లేవబోయాడు. అత్తగారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వంటగదిలో పొయ్యి దగ్గరున్న మిగతా పిల్లలకి తెలుగు ఒక్క ముక్క రాకపోయినా గొంతు అర్థమై, ఒక్కొక్కరే గిన్నెలు పట్టుకుని బయటికి జారుకున్నారు. పళ్ల డాక్టరు పిల్ల పోతూ పోతూ తలుపు దగ్గరగా వేసింది.

"రోజూ దాన్ని బతిమాలుతూనే ఉన్నానే" అంది అత్తగారు చివరికి. "ఎత్తుకుని తీసుకొస్తాను, జారిపోతుంది. మీ అమ్మరా, ఒక్కసారి చూడరా అంటే చెవులు మూసుకుంటుంది. నీకేం చెప్పను? ఆడుకుంటోందని చెప్పరా అని నేనే వాడికి నేర్పాను. దాన్ని నీకు కాకుండా చేసుకుని నేను బావుకునేదేముంది అమ్మాయ్."

ఆ మాటలో అబద్ధం లేదని ఇంజనీరమ్మకి తెలుస్తూనే ఉంది. తెలిసినకొద్దీ ఇంకా భయమేసింది. ఎవరో చెడగొడితే సరిచేసుకోవచ్చు. ఎవరూ చెడగొట్టకుండానే పిల్ల తనంతట తను దూరమైపోతే ఇంకెవర్ని పట్టుకుని అడగాలి?

"నాకీ చదువొద్దు అత్తయ్యా" అంది. "వచ్చేస్తాను. నా వల్ల కాలేదు. చేసిన పనంతా నిన్న నా చేతులతో నేనే పాడుచేసుకున్నాను. అక్కడ కన్నబిడ్డకి నేనక్కర్లేదు. ఇంక నేనిక్కడ ఎవరి కోసం ఉండాలి?"

అంతే, నియమం తెగింది. మొహం కడుక్కోవడం, బొట్టు సరిచేసుకోవడం, నవ్వడం, అన్నీ కొట్టుకుపోయాయి. బల్ల మీద తల పెట్టుకుని, చిన్నపిల్లలా పైకే ఏడ్చింది. అమ్మాయ్, అమ్మాయ్ అని అత్తగారు పిలుస్తూనే ఉంది. మాస్టారికి ఏం చెయ్యాలో తోచక ఫోను కాసేపు ఇటూ కాసేపు అటూ తిప్పాడు.

అవతలి గదిలోంచి దబదబమని అడుగుల చప్పుడు వినపడింది. బుడంకాయ పరిగెత్తుకొచ్చింది. బామ్మ ఒడి ఎక్కి, ఫోను రెండు చేతుల్తో పట్టుకుని, నెలల తర్వాత మొదటిసారి అమ్మ మొహంలోకి సూటిగా చూసింది. పిల్ల మొహమంతా కంగారు.

"అమ్మా, ఏడవకు. ఏడిస్తే లేటైపోతుంది."

ఇంజనీరమ్మ తలెత్తింది. ఏంటమ్మా అంది వెక్కుతూ.

"ఏడిస్తే చదువు అవ్వదు. అవ్వకపోతే నువ్వు రావు. నేను చాలాసార్లు ఏడ్చేశాను కదా, అందుకే సెలవలకి రాలేదు నువ్వు." పిల్ల కింది పెదవి పంటి కింద నొక్కిపెట్టుకుంది. "నిన్ను చూస్తే నాకు ఏడుపొచ్చేస్తుంది. అందుకని చూడట్లేదు. ఇప్పుడసలు ఏడవట్లేదు అమ్మా. బామ్మనడుగు."

అత్తగారు నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "నేనే అన్నానే ఆ మాట" అంది. "కొత్తలో ఇది ఏడుస్తుంటే ఇక్కడ దీన్ని చూడలేక, అక్కడ నిన్ను చూడలేక అన్నాను. నువ్వేడిస్తే అమ్మకి చదువెక్కదు, రావడం ఆలస్యమవుతుంది అని. ఏదో ఊరుకోబెట్టడానికి అన్న మాట. అప్పటికప్పుడు ఊరుకుంది కదా అని నేను మర్చేపోయాను. ఇది పట్టుకు కూచుంది. నా పాడు నోరు."

అంత చిన్న ప్రాణి ఇన్ని రోజులూ కర్టెన్ వెనక నిలబడి, అమ్మ గొంతు వింటూ, అమ్మ తొందరగా రావాలని ఏడుపు మింగుకుందా? పిల్ల మర్చిపోయిందని తను అనుకుంది. ఒక్క రోజు కాదు, ప్రతి పొద్దునా అదే అనుకుంటూ పిల్లనే లోలోపల తిట్టుకుంది. తప్పు నాది తల్లీ అని పైకే అంది ఇంజనీరమ్మ.

"నువ్వేడ్చినందుకు కాదురా నేను రానిది" అంది మెల్లగా, ఒక్కో మాటా పిల్లకి అందేలా. "ఇక్కడొక పెద్ద మిషనుంది. అది పాడైంది. దాన్ని బాగుచెయ్యడం ఆలస్యమైంది. నీ వల్ల కాదు. నువ్వు ఎంతేడ్చినా అమ్మ రావడం ఒక్క రోజు కూడా ఆలస్యం కాదు."

బుడంకాయ నమ్మలేదు. బామ్మ వంక చూసింది. బామ్మ అవునని తలూపింది. నాన్న వంక చూసింది. లెక్కల మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, మీ అమ్మ చెప్పిందే కరెక్టు, బామ్మ లెక్క తప్పు అన్నాడు.

అత్తయ్యా, నన్ను క్షమించండి అంది ఇంజనీరమ్మ. నోటికొచ్చినట్టు అన్నాను అంది. క్షమాపణలూ గిమాపణలూ తర్వాత చూసుకుందాంలే, నేనూ తక్కువ తినలేదుగా అంది ఆవిడ, కొంగుతో ముక్కు చీదుకుంటూ. తర్వాత గొంతు సవరించుకుని, రావాలనుంటే వచ్చెయ్ అమ్మాయ్, ఉండాలనుంటే ఉండు, ఎటైనా నీకు మొహం చెల్లని పనేం కాదు, ఇంజనీరమ్మవి ఎక్కడున్నా ఇంజనీరమ్మవే అంది. మాస్టారు అడిగితే ఆమె పాడైన దిమ్మెల సంగతంతా చెప్పింది. మళ్లీ పోత పోస్తే మళ్లీ నెల నానాలి. అయితే ఆ నెల నువ్వక్కడ తొట్టిలో దిగి కూచోవాలా అని అడిగాడాయన. ఆమెకి ఇంతవరకూ ఆ ఆలోచనే తట్టలేదు. అక్కర్లేదు, నీళ్లు చూసుకోవడానికి పెద్దాయన ఉంటాడు అంది. అయితే ఆ నెల ఇంటికొచ్చి వెళ్లు అన్నాడు.

ఈ పెద్దవాళ్ల గొడవేదీ బుడంకాయకి పట్టలేదు. అమ్మ మొహం మీంచి చూపు తిప్పలేదు. ఏదో పెద్ద లెక్క తనలో తనే వేసుకుంటున్నట్టు నుదురు ముడేసింది.

"అయితే ఇప్పుడు ఏడవచ్చా?" అని అడిగింది.

"ఏడవచ్చు తల్లీ. నీ ఇష్టం."

అప్పుడు పిల్ల పెదవి వదిలింది. ముందు చప్పుడు లేకుండా నోరు మాత్రం తెరుచుకుంది. తర్వాత ఆ ఏడుపు బయటికొచ్చింది, ఇన్ని నెలల ఏడుపు, ఇల్లెగిరిపోయేలా. బామ్మ ఊరుకో అనబోయి ఠక్కున నోరు మూసుకుంది. మాస్టారు పిల్ల వీపు మీద చెయ్యి వేశాడు కానీ వద్దనలేదు. ఇక్కడ కిటికీ పక్కన ఇంజనీరమ్మ కూడా కళ్లు తుడుచుకోకుండా ఏడుస్తూ, పిల్ల ఏడుపు వింటూ, ఫోను గట్టిగా పట్టుకుని కూచుంది. ల్యాబుకి వేళ మించిపోతోంది. పోనీలే అనుకుంది.

చాలాసేపటికి బుడంకాయ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ముక్కూ మొహం ఏకమై ఉన్నాయి. బామ్మ కొంగుతో తుడవబోతే విదిలించుకుంది. ఎక్కిళ్ల మధ్య, కాస్త భయంగా, అమ్మని అడిగింది.

"ఇంకొంచెం ఏడవనా?"

"ఏడ్చెయ్ నా తల్లీ" అంది ఇంజనీరమ్మ. "నేను ఫోన్ పెట్టను."