స్టైన్‌విక్ పటం ముందు

మేం వలసొచ్చిన నోవై ఊళ్లో మా తెలుగు చర్చి నడిచేది ఒకప్పుడు నార్వే వాళ్లు కట్టుకున్న పాత బిల్డింగ్‌లో. బేస్‌మెంట్ గోడ మీదే వాళ్ల సొంతూరి పటం గీసి ఉండేది. స్టైన్‌విక్ అట. రెండు ఎత్తైన కొండల మధ్యకి సముద్రం సన్నగా చొచ్చుకొచ్చిన చోటు. ఒడ్డున కాస్త సాగునేల, పదకొండు ఇళ్లు, ఒక పడవల రేవు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ ఎండ నేలకి దిగదట.

జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం. మంచు ఎక్కువవుతోందని ఆరాధన అవగానే అందరూ వెళ్లిపోయారు. మర్నాటి నుంచి బేస్‌మెంట్ రిపేర్. మూడు నెలలు చర్చి మూత. గోడ పగలగొట్టేలోపు ఆ పటాన్ని ఫోటో తీద్దామని నేనూ, జ్ఞానమ్మ ఆంటీ ఆగాం. ఆంటీ కాకినాడలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది. పటం వివరాలు చెప్పడానికి ఇంగ్రిడ్ వచ్చింది. ఆ నార్వే కుటుంబాల్లో మిగిలిన ఆఖరి మనిషి. తొంభై దాటాయి.

కింద తడిసిన సున్నం వాసన. హీటర్ ఎప్పుడో ఆగిపోయింది.

"ఈ కొండకి పగులుందని అందరికీ తెలుసు," అంది ఇంగ్రిడ్, పటం మీద వేలు పెట్టి. "ఏటా కొంచెం వెడల్పయ్యేది. ఒక ఏడాది వేసవికి ముందు విరిగిపడింది. ఏడు ఇళ్లు రాళ్ల కింద. లోపలి నుంచి కొడుతున్న చప్పుడు మూడు రోజులు వినపడిందట."

"తవ్వలేదా?" అంది ఆంటీ.

"మిగతా కొండ కూడా పడుతుందని భయం. ఆ చప్పుడు వినపడకుండా పాటలు పాడుకుంటూ పడవలెక్కారు. మా ముత్తాత కూడా." పటం మీంచి వేలు తీసింది. "ఇక్కడికొచ్చి ఈ గోడ కట్టుకున్న మొదటి చలికాలమే మళ్లీ వినపడింది."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ ముఖం చూసి ఆపుకున్నాను.

"మాలో పాడేవాళ్లు మిగల్లేదు. మీకు ఈ చర్చి ఎందుకిచ్చామనుకున్నావు? మీరు గట్టిగా పాడతారని."

అప్పుడే వినపడింది.

టక్... టక్...

"పైపులేమో," అన్నాను. నా మాట నేనే నమ్మలేదు.

టక్... టక్... మా కాళ్ల కింద.

ఇంగ్రిడ్ ఏదో పాట ఎత్తుకుంది. నేనూ నోటికొచ్చిన కీర్తన అందుకున్నాను. ఆంటీ పాడలేదు. మోకాళ్ల మీద వంగి నేలకి చెవి ఆనించింది.

"చిన్న చెయ్యి, షారన్... దెబ్బలో బలం లేదు."

"వద్దాంటీ... లేవండి."

"లోపల మనుషులున్నారని తెలిసీ ఎలా వదిలేస్తామమ్మా?"

మూడుసార్లు నేలని తట్టింది.

ఇంగ్రిడ్ పాట ఆగిపోయింది. "నూట ముప్పై ఏళ్లలో ఎవరూ జవాబివ్వలేదు," అంది మెల్లగా.

చప్పుడు లేదు. మళ్లీ రాలేదు.

ఇంటికి డ్రైవ్ చేస్తుంటే ఆంటీ తన మణికట్టు చూపించింది. ఐదు చిన్న వేళ్ల గుర్తులు, కమిలి నల్లబడి. మంగళవారానికి అవి మోచేతి దగ్గరున్నాయి. గురువారానికి భుజం మీద. హాస్పిటల్‌లో ఎన్ని టెస్టులు చేసినా ఏమీ తేలలేదు. ఊపిరి మాత్రం బరువెక్కుతూ వచ్చింది... గుండెల మీద బండరాయి పెట్టినట్టు.

శనివారం సాయంత్రం గదిలో మేమిద్దరమే. గుర్తులు మెడ కింద ఉన్నాయి.

"ప్రార్థన చేద్దామా, ఆంటీ?"

"చేశానమ్మా. అటు నుంచి ఎవరూ పలకలేదు." కళ్లు మూసుకుంది. "ఎక్కి వస్తోంది... పాపం, రానీ."

అవే ఆఖరి మాటలు. కిటికీ అవతల వెలుతురు పోయేసరికి ఊపిరి కూడా పోయింది.

నర్స్ వచ్చి దుప్పటి తీసింది. మెడ మీద గుర్తులు లేవు. ఒంటి మీద ఎక్కడా లేవు.

నేను తలుపు వైపు తిరిగాను.

నేల మీద రాతిపొడి కలిసిన తడి పాదాల ముద్రలు. పెద్దవి, చిన్నవి... మధ్యలో పాకే పిల్ల అరచేతులు. తలుపు నుంచి మంచం దాకా, అన్నీ లోపలికి వచ్చినవే.

బయటికి వెళ్లినది ఒక్కటీ లేదు.