ఒటాకు నగర్‌లో ఊఁ కొట్టేవాళ్లు

“ఎర్రబస్సులో ఇంజను బానెట్ డ్రైవరుకి కుడిచేతి పక్కన ఉండేది. రద్దీ రోజుల్లో దానిమీద కూడా జనం కూర్చునేవారు.” డాక్టర్ ఇందీవర ఆ వాక్యం చదివి స్క్రీన్ వైపు చూసింది.

కోదండపాణి నుదుటికి మెత్తటి పట్టీ ఒకటి చుట్టి ఉంది. ఏడాది కిందట ఇదే వాక్యం చదివితే స్క్రీన్ మీది గీత పై అంచు దాకా లేచింది. ఆయన కూడా కుర్చీలోంచి లేచి, కుడిపక్క డ్రైవరు ఎక్కే తలుపుంటే బానెట్ ఎక్కడ పెడతారు, ఆయన నెత్తిమీదా అని డాక్టరమ్మను కడిగేశాడు. ఇవాళ ఆ గీత కాస్త కదిలి, నిద్రలో ఒత్తిగిల్లిన మనిషిలా మళ్లీ పడుకుంది. ఆయన కూడా మర్యాదగా, “కుడి కాదండి, ఎడమ” అన్నాడు.

ఆ మర్యాదే ఆయన కొంప ముంచింది.

ముందు ఈ పట్టీ సంగతి చెప్పాలి. రాసే యంత్రాలు వచ్చాక లోకంలో సమాచారానికి కొదవ లేకుండా పోయింది గానీ, నిజానికే కరువొచ్చింది. పాతకాలం ఎర్రబస్సు ఎలా ఉండేదని అడగ్గానే యంత్రం చక్కటి బొమ్మ గీసి, చక్కటి వ్యాసం రాసి చేతిలో పెడుతుంది. అందులో బానెట్ కుడిపక్కన ఉంటుంది. దాన్ని చూసి ఇంకో యంత్రం రాస్తుంది. కొన్నాళ్లకి ఆ బానెట్ పిల్లల పాఠంలో కూడా కుడిపక్కకే చేరుతుంది. ఇది తప్పని చెప్పడానికి తెలిసినవాడుంటే చాలదు. తెలిసినవాళ్లలో నూటికి తొంభైమంది ‘పోనిద్దూ, మనకెందుకు’ అని ఊరుకుంటారు. ఊరుకోలేని మనిషి కావాలి.

అలాంటి మనిషిని కనిపెట్టే యంత్రమే ఈ పట్టీ. ఒక విషయంలో తప్పు వినగానే, మనిషి నోరు తెరవకముందే, మెదడు లోపల ఒక చిన్నచోట రక్తం గబుక్కున ఎక్కుతుంది. పట్టీ దాన్ని పసిగట్టి గీత గీస్తుంది. దానికి శాస్త్రీయమైన పేరేదో ఉంది గానీ జనం మాత్రం మంటపట్టీ అన్నారు. ఒళ్లు మండటాన్ని కొలిచేదాన్ని ఇంకేమంటారు?

ఇందీవర కనిపెట్టిన అసలు విశేషం ఇంకోటుంది. మామూలు అభిమానికి తన హీరోని పొగిడితే మెదడు వెలుగుతుంది, తిడితే ఉడుకుతుంది. రెండో రకం మనిషికి పొగడ్తా తిట్టూ ఒకటే. వివరం తప్పు చెప్పారో, అంటుకుంటుంది. ఈ రెండో రకానికి పేరు పెట్టడానికి ఆవిడ చాలా అవస్థ పడింది. అభిమాని అంటే సరిపోదు. వీరాభిమాని అంటే కటౌట్లూ పాలాభిషేకాలూ గుర్తొస్తాయి. పిచ్చోడు అంటే పరీక్షకి ఒక్కడూ రాడు. చివరికి జపాన్ నుంచి ‘ఒటాకు’ అనే మాట అరువు తెచ్చుకుంది.

ఆ మాట కథ కూడా చిత్రమైనదే. జపాన్‌లో దానికి మొదటి అర్థం ‘మీ ఇల్లు’. ఎదుటి మనిషిని దూరం పెట్టి గౌరవంగా పిలవాలంటే, మనం ‘తమరు’ అన్నట్టు, అక్కడ ఆ మాట వాడతారు. బొమ్మల కథలూ బొమ్మల సినిమాలూ అంటే ప్రాణమిచ్చే కుర్రాళ్లు, మనుషులతో మెలగడం అంతగా చేతకాక, ఒకరినొకరు అలా ‘తమరు తమరు’ అనుకునేవారట. గత శతాబ్దం ఎనభైల్లో ఒక పత్రికలో దాన్ని పట్టుకుని వాళ్లని వెక్కిరించారు. వెక్కిరింపు కాస్తా పేరైంది. సొంత దేశంలో చాలాకాలం అది తిట్టే. సముద్రం దాటి మిగతా దేశాలకి వచ్చేసరికి కుర్రకారు దాన్ని టీషర్టు మీద వేయించుకుని తిరిగారు. మన భాషలో అంటే బాధపడతాం, పరాయి భాషలో అంటే బిరుదనుకుంటాం. మనిషి నైజం అది.

కోదండపాణి విషయంలో సరిగ్గా అదే జరిగింది. విజయనగరంలో ఆయనకి కళ్లజోళ్ల షాపు ఉండేది. పొట్టకోసం కళ్లజోళ్లు, ప్రాణం మాత్రం ఎర్రబస్సులు. డీజిల్ బండ్లు రోడ్ల మీంచి పోయి చాలాకాలమైనా, ఏ ఘాట్ రోడ్డులో ఏ మలుపు దగ్గర గేరు ఎలా మార్చేవారో, గేరు రాడ్డు వణుకు ఆపడానికి దానికి ఏ గుడ్డ చుట్టేవారో ఆయనకి నోటికొచ్చు. పెళ్లిళ్లలో ఆయన వస్తున్నాడంటే బావమరుదులు భోజనాల వైపు జారుకునేవారు. ‘మా బావ ఇంకా ఎర్రబస్సు దిగలేదు’ అని చాటున నవ్వుకునేవారు. చుట్టాల్లో ఆయన పేరు బస్సు పిచ్చోడే.

ఆయన చెప్పేది విన్నది ఒక్క భార్య సుభాషిణి. విన్నదీ అంటే, ఊఁ కొట్టింది. పోపు పెడుతూ ఊఁ, లెన్సు తుడుస్తూ ఊఁ, షాపు షట్టరు దించుతూ ఊఁ. అడ్డు చెప్పలేదు, ప్రశ్న వేయలేదు. ఆవిడకిదంతా విసుగేనని ఆయన అనుకునేవాడు. అయినా చెప్పడం మానేవాడు కాదు.

ఆ తర్వాత భీమిలి వైపు కొండవాలులో ఒటాకు నగర్ వెలిసింది. మంటపట్టీ పరీక్ష నెగ్గినవాళ్లకి అక్కడ ఒక ఫ్లాటు, ఒక ఇత్తడి బ్యాడ్జి ఇస్తారు. పని కూడా వాళ్లకి తగినదే. యంత్రాలు రాసినవి వింటూ, ఎక్కడ ఒళ్లు మండితే అక్కడ దిద్దడం. రేడియోల వాళ్లకొక బ్లాకు, సీలింగ్ ఫ్యాన్ల వాళ్లకొక బ్లాకు, పాత వాలుజడల అలంకారాల వాళ్లకొకటి. ఎర్రబస్సుల బ్లాకు ముందు, ఇంకా నడిచే స్థితిలో ఉన్న ఆఖరి డీజిల్ బస్సు నిలబడి ఉండేది. రోజూ పొద్దున్నే ఒక నివాసి దాన్ని స్టార్ట్ చేసి కొండ కింద దాకా తీసుకెళ్లి రావచ్చు. నివాసులు మాత్రమే.

బ్యాడ్జి పెట్టుకుని పెళ్లికి వెళ్లిన రోజున బావమరుదులు జారుకోలేదు సరికదా, వాళ్లలో పెద్దాయన వచ్చి, ఒటాకు అంటే ప్రభుత్వ పదవా బావా అని అడిగాడు. కోదండపాణికి కళ్లనీళ్లు తిరిగాయి. జన్మంతా పిచ్చోడన్న నోళ్లే ఆ మాటను జాగ్రత్తగా పలుకుతుంటే ఆయన ఆ రాత్రి బ్యాడ్జి తీయకుండానే పడుకున్నాడు. షాపు సుభాషిణికి అప్పగించి నగర్‌కి వచ్చేశాడు. ఆవిడ పరీక్ష నెగ్గలేదు కదా, నెగ్గే ప్రయత్నమూ చేయలేదు కదా, విజయనగరంలోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఏడాది తిరిగేసరికి గీత పడుకుంది. పడుకుంటే ఫ్లాటు పోతుంది, బస్సు పోతుంది. అంతకంటే, ఆ మాట పోతుంది. కొండ దిగిన మరుక్షణం మళ్లీ బస్సు పిచ్చోడే.

“నేను మరిచిపోలేదమ్మా. అన్నీ గుర్తున్నాయి” అన్నాడు కోదండపాణి.

“గుర్తుండటం కాదండీ కొలిచేది. మీ ఒక్కరికే కాదు, నగర్‌లో అందరికీ తగ్గుతోంది. మీరు ఈ మధ్య బస్సుల గురించి ఎవరితో మాట్లాడారు?” అని అడిగింది ఇందీవర.

ఆయన ఆలోచించాడు. బ్లాకులో ఎవరితో మాట్లాడినా వాళ్లకి ముందే తెలుసు. గేరు రాడ్డు అనగానే గుడ్డ సంగతి వాళ్లే చెప్పేస్తారు. అందరూ వడ్డించేవాళ్లే, తినేవాడు లేడు. పోనీ ఇంటికి ఫోన్ చేసినప్పుడు? మొదట్లో సుభాషిణి, ఇవాళ ఏ తప్పు పట్టుకున్నారండీ అని అడిగేది. ఆయన పెద్దవాళ్లలో కలిసినవాడి ధోరణిలో, అదంతా నీకర్థం కాదులే అని రెండుమూడుసార్లు అన్నాడు. తర్వాత ఆవిడ అడగడం మానేసింది. ఇది డాక్టరుకి చెప్పడానికి ఆయనకి సిగ్గేసింది, అయినా చెప్పాడు.

ఇందీవరకి తన నాయనమ్మ గుర్తొచ్చిందట. పిల్లలు ఊఁ కొట్టడం ఆపితే నాయనమ్మ కథ అక్కడే ఆపేసి, దుప్పటి కప్పుకుని పడుకునేదట. చెప్పేవాడి మంట కూడా అలాగే ఊఁ మీద బతుకుతుందేమో, మనం నిప్పులన్నీ ఒకచోట పోగేసి గాలి రాకుండా తలుపేశామేమో అన్నది ఆవిడ అనుమానం. అందుకని కొత్త ఏర్పాటు చేసింది. ప్రతి నివాసీ ఒక ఊఁ కొట్టే మనిషిని తెచ్చుకోవచ్చు. షరతు ఒక్కటే, ఆ మనిషికి ఆ విషయంలో మంట ఉండకూడదు. ఉంటే ఊఁ కొట్టరు, పోట్లాడతారు. మనిషి కుదిరితే కోదండపాణికి ఇంకో అవకాశం ఉంది. కుదరకపోతే ఇంతే.

కోదండపాణి ఫోన్ చేస్తే సుభాషిణి షాపు మూసి మర్నాడే వచ్చింది. భర్త బ్యాడ్జిని ఒకసారి చూసి, పొట్ట తగ్గిందండీ మీకు అని మాత్రం అంది. కుర్చీలో కూర్చుని పట్టీ కట్టించుకుంది. ఆయన పక్కన నిలబడి, ఆవిడకివేం పట్టవు డాక్టర్ గారూ, పరీక్ష కూడా దండగ అన్నాడు.

ఇందీవర చదవడం మొదలుపెట్టింది. “ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డ్రైవర్లు డీజిలు కలిసొస్తుందని బండిని న్యూట్రల్‌లో పెట్టి దించేవారు. అదే సురక్షితమైన పద్ధతి.”

గీత నిట్టనిలువుగా లేచి స్క్రీన్ దాటిపోయింది. సుభాషిణి పెదాలు బిగబట్టింది. చీర కొంగు వేలికి చుట్టుకుంది. ఆవిడ వల్ల కాలేదు.

“న్యూట్రల్‌లో దింపితే బ్రేకులు కాలిపోయి లోయలో పడతారండీ. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. అరకు ఘాట్‌లో దించిన డ్రైవర్లెవరూ ఆ పని చేసేవారు కాదు. ఎవరు రాశారండీ ఇది, ఎప్పుడైనా బస్సెక్కారా?”

ఇందీవర ఇంకో వాక్యం చదివింది, ఇంకోటి చదివింది. గీత కిందికి దిగితే ఒట్టు. కోదండపాణి భార్యని కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. నీకివన్నీ ఎలా తెలుసు సుభా అన్నాడు చివరికి.

“ఊఁ కొట్టాలంటే వినాలి కదండీ” అంది సుభాషిణి.

మరి ఇన్నేళ్లూ ఒక్కమాటా అనలేదేం అని ఆయన అడిగితే, తను కూడా మొదలుపెడితే ఆయన చెప్పడం ఆపేస్తాడని భయమేసిందట. కొన్నిసార్లు ఆయనే తప్పు చెప్పినప్పుడు నాలుక కరుచుకుని మరీ ఊఁ కొట్టిందట. ఇది విన్నప్పుడు ఆయనకి ఆ ‘నీకర్థం కాదులే’ గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాడు.

నిబంధనలు ఇందీవర రాసినవే గనక ఆవిడే చెప్పాల్సి వచ్చింది. సుభాషిణి ఊఁ కొట్టడానికి పనికిరాదు. కాబట్టి పోయిన మంట దానంతటది తిరిగొస్తే తప్ప కోదండపాణికి రెండో అవకాశం లేదు. సుభాషిణి గారు ఒప్పుకుంటే ఫ్లాటూ బ్యాడ్జీ ఆవిడవి. ఆయన మారు మాట్లాడకుండా బ్యాడ్జి విప్పి బల్లమీద పెట్టాడు.

“నాకూ ఊఁ కొట్టే మనిషిని ఇస్తారా?” అని అడిగింది సుభాషిణి.

ఇస్తామంది ఇందీవర. మంట లేని మనిషై ఉండాలి, అంతే.

“అయితే ఈయన్నే ఇవ్వండి. గీత పడుకుందన్నారుగా.”

ఇందీవర స్క్రీన్ చూసి, ఈ లెక్కకి సరిగ్గా సరిపోతారని ఒప్పుకుంది. నేను ఊఁ కొట్టాలా అన్నాడు కోదండపాణి.

మర్నాడు పొద్దున సుభాషిణి బస్సు దగ్గరికి వచ్చింది. చీర మీద ఇత్తడి బ్యాడ్జి ఉంది. షాపు వ్యాను ఏళ్ల తరబడి తోలిన చేతులు ఆవిడవి. డ్రైవరు సీటు ఎక్కబోతూ, కిటికీలోంచి బానెట్ పక్క సీటు మీదికి కర్చీఫ్ విసిరింది. బస్సంతా ఖాళీయే. అయినా సీటు పట్టుకోవడమంటే అలాగే పట్టుకోవాలి. కోదండపాణి వచ్చి ఆ కర్చీఫ్ తీసి మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. వెనక సీట్లో ఇందీవర, ఒళ్లో పట్టీ. ఇంజను దగ్గి, గర్జించి, అద్దాలన్నీ గడగడమన్నాయి.

రెండు మలుపులు దిగాక సుభాషిణి చెప్పడం మొదలుపెట్టింది. బండి అందం, రంగు, హారను చెప్పింది. ఆయన ఊఁ కొట్టాడు. తర్వాత రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, గొంతు కొంచెం పెంచి, “ఇదిగో, ఈ బానెట్ ఉంది చూశారూ, ఎర్రబస్సుల్లో ఇది డ్రైవరుకి కుడిచేతి పక్కనే ఉండేదండీ” అంది.

బానెట్ ఆయన మోకాలికి తగులుతోంది. ఆవిడ ఎడమచేతి పక్కన, వేడిగా. కోదండపాణి చెవులు ఎర్రబడ్డాయి. ‘ఎడమ’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పోయిందనుకున్న మంట పోలేదు, అంతా అక్కడే ఉంది. నిన్న ఘాట్ రోడ్డు గురించి డాక్టర్ని కడిగేసిన మనిషికి బానెట్ ఏ పక్కనుంటుందో తెలియకా? ఇది కావాలని విసిరిన తప్పు. ఒక్కసారి నోరు తెరిస్తే చాలు, ఆయన బ్యాడ్జి ఆయనకి వచ్చేస్తుంది.

ఇందీవర ఆయన చెవులు చూసింది. పట్టీ ముందుకి చాపింది. “పెట్టుకుంటారా? ఇప్పుడు తప్పకుండా నెగ్గుతారు.”

ఆయన పట్టీ వైపు చూశాడు. భార్య చీర మీది బ్యాడ్జి వైపు చూశాడు. తను నెగ్గితే ఆవిడ చెప్పేది వినడానికి ఎవరుంటారు? పట్టీని మెల్లగా వెనక్కి నెట్టి, నాలుక కరుచుకుని, ఎర్రటి చెవులతో సుభాషిణి వైపు తిరిగాడు.

“ఊఁ… తర్వాత?” అన్నాడు.