చెవిలో చెప్పిన సారీ

“నా గౌను ఖరాబ్ చేసింది, చూడుర్రి. గీ కుసుమనే చేసింది.”

మిద్దె మీద నిలబడి మేబెల్ అరిచిన అరుపు కింద గేటు దాకా వినబడింది. మధ్యాహ్నం అన్నాలు తిని కునుకు తీస్తున్నవాళ్లు కూడా లేచి బయటికి వచ్చారు.

మల్కాజ్‌గిరిలో ఆ ఇంటి కింది వాటా మేబెల్ వాళ్లది. మేబెల్ ఐదో తరగతి. ఆ సాయంత్రం చర్చి పిల్లలంతా ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడాలి. ఆడపిల్లలందరూ తెల్ల గౌన్లే వేసుకోవాలి. మేబెల్ గౌను దండెం మీద వేలాడుతోంది. దాని ముందు భాగమంతా ఎర్రెర్రని మరకలు.

పై వాటాలో కుసుమ వాళ్లుంటారు. భీమవరం నుంచి వచ్చారు. వాళ్లు చర్చికి వెళ్లరు. అయినా చేతిపనిలో కుసుమకు సాటి ఎవరూ లేరని, పాటలవాళ్ల ముందు పట్టుకునే పెద్ద స్టార్ చేసి పెట్టి, తమతో పాటలకూ రమ్మని మేబెలే బతిమాలింది. అందుకే ఆ పిల్ల పొద్దుటినుంచీ మిద్దె మీద కూర్చుని, వెదురు బద్దలు కట్టి, ఎర్ర క్రేప్ కాగితం అంటిస్తోంది. తడి జిగురు తగిలి కాగితం రంగు దిగింది. పాపం, వేళ్లన్నీ ఎర్రగా అయిపోయాయి.

“నేను నీ గౌను ముట్టుకోలేదు మేబెల్,” అంది కుసుమ.

“మరి గీ ఎర్రరంగు యాడికెల్లి వచ్చింది? నీ చేతులు చూస్కో.”

“చేతులు ఎర్రగా ఉంటే? అసలు నేను ఇక్కణ్నుంచి లేవనే లేదు.”

“అబద్ధాలు చెప్పకు.”

ఇదెక్కడి న్యాయం, మీరే చెప్పండి. చేతులు ఎర్రగా ఉన్నంత మాత్రాన తప్పు చేసినట్టేనా? ఒక్క ప్రశ్న సరిగ్గా అడిగింది లేదు, ఒక్క మరక దగ్గరికెళ్లి చూసింది లేదు. తీర్పు మాత్రం చెప్పేసింది. అదీ తన పని చేసిపెడుతున్న పిల్ల మీద.

కుసుమ వాళ్లమ్మ శేషారత్నం గబగబా మిద్దె ఎక్కి వచ్చింది. కూతురి చెయ్యి పట్టుకుంది.

“పదమ్మా. అడిగింది కదా అని సాయం చెయ్యడానికొచ్చావు. మాట పడ్డానికి కాదు. సాయంత్రం పాటలకీ వెళ్లక్కర్లేదు.”

సగం అంటించిన స్టార్ అక్కడే ఉండిపోయింది. మేబెల్ కోపం అప్పటికీ చల్లారలేదు. కిందికి దిగి, కూరగాయల సంచితో గేటు తీస్తున్న ఇంటి ఓనరు అనసూయమ్మకు కూడా చెప్పింది.

“ఆంటీ, కుసుమ నా గౌను మొత్తం ఖరాబ్ చేసింది.”

“గట్లనా? మంచిపిల్ల అనుకున్న,” అంది అనసూయమ్మ.

మేబెల్ మళ్లీ మిద్దె ఎక్కింది. దండెం మీద తన పసుపు కాగితాలు కూడా ఉన్నాయి. వాటిని తియ్యాలి. సెలవుల్లో ఇంట్లో ఒక ప్రయోగం చేసి రమ్మని డోరా టీచర్ చెప్పింది. తెల్లకాగితానికి తడి పసుపు పూసి ఆరబెట్టాలి. దాని మీద సబ్బు నీళ్లతో రాస్తే అక్షరాలు ఎర్రగా కనబడతాయట. ఆ కాగితాలనే మేబెల్ తడితడిగా గౌను పక్కన క్లిప్పులు పెట్టి వేలాడదీసింది.

తీస్తూ తీస్తూ ఆగిపోయింది. గాలికి ఊగుతూ గౌను ముందు భాగానికి తగులుతున్న కాగితం ఎర్రగా ఉంది. మిగతావన్నీ పచ్చగానే ఉన్నాయి.

గౌను అంచు పట్టుకుని చూసింది. వేళ్లకు జారుడుగా తగిలింది. సబ్బు ఇంకా పోలేదు. రెండు మూడుసార్లు జాడించమని మమ్మీ మరీ మరీ చెప్పి ఆఫీసుకు వెళ్లింది. ప్రయోగం తొందరలో మేబెల్ ఒక్కసారి నీళ్లలో ముంచి దండెం మీద వేసేసింది.

వంటింట్లోంచి నిమ్మచెక్క తెచ్చింది. ఎర్రబడ్డ పసుపు మీద నిమ్మరసం పడితే మళ్లీ పచ్చబడుతుందని టీచర్ చెప్పింది. గౌను మరక మీద ఒక చుక్క పిండింది. పచ్చబడింది. స్టార్‌కు అంటించిన క్రేప్ కాగితం మీద ఇంకో చుక్క పిండింది. ఎరుపు ఎరుపుగానే ఉంది.

అంటే మరకలు కుసుమ చేతి రంగువి కావు, మేబెల్ పసుపువే. మరకలన్నిటి మీదా నిమ్మరసం పిండి, బాగా జాడించి, నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు కదా అని కూడా అనుకుంది. కాసేపే అనుకుందిలెండి. తర్వాత కుసుమ వాళ్ల తలుపు కొట్టింది. కుసుమ రాగానే అటూ ఇటూ చూసి, చెవి దగ్గర నోరు పెట్టింది.

“సారీ. నా పసుపు కాగితాలే తగిలినయ్. మళ్ల రావా, స్టార్ సగమే అయింది.”

కుసుమ వెనక్కి జరిగింది.

“తిట్టేటప్పుడు మిద్దె మీదినుంచి అరిచావు. సారీ మాత్రం చెవిలో చెప్తావా?”

“జెర మెల్లగ. అందరు వింటరు.”

“విననీ. నామీద నింద వేసినప్పుడు విన్నారుగా.”

తలుపు ధడేల్‌మని మూసుకుంది. బాగా చేసింది. నేనైతే ఇంకా గట్టిగా వేసేదాన్ని.

‘సారీ చెప్పిన కదా, ఇంకేం చెయ్యాలె’ అని గొణుక్కుంటూ మేబెల్ మెట్లు దిగసాగింది. కింద గేటు దగ్గర అనసూయమ్మ, పక్కింటావిడ మాట్లాడుకుంటున్నారు.

“పైనింటి పిల్ల గిట్ల చేస్తదనుకోలే. ఇగ మా మనవరాల్ని దానితోని ఆడనియ్య,” అంటోంది అనసూయమ్మ.

మేబెల్ కాళ్లు ఆగిపోయాయి. తను మిద్దె మీద అన్న ఒక్క మాట గేటు దాటి పక్కింటికి పోతోంది. రేపటికి గల్లీ అంతా పోతుంది. చెవిలో చెప్పిన సారీ మాత్రం కుసుమ గుమ్మం కూడా దాటలేదు.

గిర్రున వెనక్కి తిరిగి మిద్దె మీదికి పరుగెత్తింది. గౌను, పసుపు కాగితం తెచ్చుకుంది. చెంబులో సబ్బు నీళ్లు కలిపి గేటు దగ్గరికి వచ్చింది.

“ఆంటీ, జెర ఇటు చూడుర్రి.”

కాగితం మీద సబ్బు నీళ్లు చల్లింది. అది గౌను మీది మరకల్లాగే ఎర్రబడింది.

“గౌను సరిగ్గ జాడించంది నేనే. తడి పసుపు కాగితాలు పక్కన పెట్టింది నేనే. కుసుమ ముట్టుకోనే లేదు. చూడకుండ నింద వేసిన.”

అనసూయమ్మ కాగితం వంకా, గౌను వంకా మార్చి మార్చి చూసింది. “ఎంత పని చేసినవ్ పిల్లా. నా నోటితోని సుత అనిపిస్తివి,” అంది.

మేబెల్ తల దించుకుంది. అప్పుడు పై వాటా తలుపు తెరుచుకుంది. కుసుమ పిట్టగోడ మీదికి వంగి చూసింది.

“నాకు వినబడలేదు,” అంది.

మేబెల్ తలెత్తింది. గౌను అందరికీ కనబడేలా పైకి పట్టుకుని, గల్లీ చివరిదాకా వినబడేంత గట్టిగా మళ్లీ మొదటినుంచి చెప్పింది.