మూలగని చేప

2068 నాటికి నికెల్ పూత పూసిన కుళాయి ఒక్కటి ఓడ ఎక్కాలన్నా చేప ఒప్పుకోవాలి. సముద్రంలో చేప కాదు, డాక్టర్ ఫణిభూషణ్ కనిపెట్టిన జలసాక్షి. జానెడు పొడవున్న మెత్తటి బొమ్మ. పూత తొట్లు కడిగిన నీళ్లు ఫిల్టరు దాటి కాలువలోకి పోయేచోట, ఒక చిన్న పైపు ఆ నీళ్లనే గాజు తొట్టిలోకి తెస్తుంది. చేప అందులో ఈదుతుంది. లోహం హద్దు మించితే దాని చర్మంలోని సెన్సర్లు పసిగడతాయి. అప్పుడది జ్వరమొచ్చిన బిడ్డలా మూలుగుతుంది. మూలిగిన రోజు ఎగుమతికి అనుమతి లేదు. మీటర్లలో అంకెలను ఎవరూ పట్టించుకోవడం లేదని ఫణిభూషణే దానికి గొంతు పెట్టాడు.

సుగుణావతి నడిపే కుళాయిల ఫ్యాక్టరీలో చేప ఎనిమిది నెలల కిందట ఒక్క పూట మూలిగి, మర్నాటికి ఊరుకుంది. మళ్లీ నోరెత్తలేదు. ఆ గర్వం ఆమెకు కాస్త ఎక్కువే, ఎందుకుండకూడదు? ఎగుమతి రోజు వచ్చింది, సరుకు కోసం కంటెయినరు బండి గేటు దగ్గర నిలబడి ఉంది. సరుకు పోకపోతే విదేశీ బేరం చెయ్యి జారుతుంది, నలభైమందికి పని పోతుంది. అంత బుద్ధిమంతురాలైన చేపను కళ్లారా చూసి సంతకం పెడదామని ఫణిభూషణ్ స్వయంగా వచ్చాడు.

చూసి మురిసిపోయాడు. అలవాటుకొద్దీ బయటి కాలువలో చేతి మీటరు ముంచాడు. అంకె చూసి మళ్లీ ముంచాడు.

"సుగుణగారూ, నికెల్ హద్దుకు తొమ్మిది రెట్లుంది."

"అయ్యో రామ! చేప హాయిగా ఈదుతోంది కదండీ!"

తొట్ల దగ్గర పనిచేసే బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే మేడం. ఆ పైపు వాల్వు బంద్ చేసిన. రోజూ మనం తాగే క్యాన్ల నీళ్లే పోస్తున్న దానికి."

"ఎంత పని చేశావు! ఎందుకు?"

"ఫిల్టరు ఖరాబైందంటే, వచ్చే నెల మారుద్దామంటిరి. అప్పటిదాంక అది అట్ల మూలుగుతుంటే ఎట్ల వినాలె? నాకైతే అన్నం సయించలే."

ఫణిభూషణ్ తల పట్టుకున్నాడు. "అది బొమ్మమ్మా! దానికి నొప్పి తెలీదు."

"మూలిగినప్పుడు మీరు లేరు సార్. మేమున్నం."

సుగుణావతికి కోపం రావాలి, సిగ్గు వచ్చింది. వచ్చే నెల అన్నది తనే. మూలుగు ఆగగానే ఫిల్టరు సంగతి మరచిందీ తనే.

"ఆ కాలువ ఎక్కడికి పోతుంది బాలమణీ?"

"మా బస్తీ చెరువుకు." అనేసి బాలమణి కాలువ వైపు తిరిగి చూసింది. "చెరువు సప్పుడు చెయ్యదు గద మేడం..."

"వాల్వు తిప్పు," అంది సుగుణావతి.

చేప మూలిగింది. రెండోసారి ఇంకా సన్నగా మూలిగింది. మూడోసారికి ఒక చెయ్యి గబుక్కున వాల్వు మీదికి పోయింది. బాలమణిది కాదు, ఫణిభూషణ్‌ది.

"చాలండీ, కట్టేద్దాం," అన్నాడు.

సుగుణావతి ఆ చెయ్యి పట్టుకుంది. "వద్దు సార్. ఈసారి మూలగనివ్వండి."

పూత తొట్ల మెయిన్ స్విచ్ ఆమే ఆపేసింది. గేటు దాకా నడిచి, ఖాళీ బండితోనే వెళ్లిపొమ్మని డ్రైవరుకు చెప్పింది. ఫిల్టరు వాళ్లకు ఫోన్ కలిపింది. వెనక చేప మూలుగుతూనే ఉంది.