వేలి గణుపుతో కొట్టి కొన్న కారు

ఆదివారం పొద్దున ఏసేపు తెల్ల చొక్కా ఇస్త్రీ మడత చెడకుండా కారెక్కి తాళం తిప్పాడు. కారు ఒకసారి దగ్గి, మూలిగి, ఊరుకుంది. మళ్ళీ తిప్పితే ఆ దగ్గు కూడా లేదు. కొని ఏడాదైనా నిండలేదు గానీ, దాని వెనక భాగంలో రంగు కంటే కల్లూరు చర్చి సంఘస్థుల అరచేతి గుర్తులే ఎక్కువ. వారం వారం తోసేది వాళ్ళేగా మరి!

గేటు బయట మారెన్న షేర్ ఆటో వచ్చి ఆగింది. ఏసేపు భార్య కృపమణి బైబిలు సంచి చంకన పెట్టుకుని, కారు వైపు కన్నెత్తి చూడకుండా పోయి అందులో కూర్చుంది.

"ఏమే, వాకిట్లో ఇంత కారు పెట్టుకోని ఆటోలో పోతాండావే! నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ నీ బండి తోసే పనిలో ఉంటారులే. అనుకునేకి యాడిది తీరిక?"

"ఏసేపన్నా, నా కాడ తాడుండాది. కట్టి లాగమంటావా?" అన్నాడు మారెన్న. ఆటోలో ఉన్నవాళ్ళంతా ఫక్కున నవ్వారు. ఏసేపుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఏసేపుది నాపబండల వ్యాపారం. వేలు మడిచి గణుపుతో బండ మీద ఒక్కటి కొడతాడు. కంగుమంటే మంచిది, దబ్బుమంటే లోపల పగులుంది. బండల విషయంలో ఆ గణుపు ఏనాడూ తప్పు చెప్పలేదు. కారు కొనేటప్పుడూ అదే చేశాడు. కొడుకు యేసుప్రసాద్ ఫోన్లో ఏవేవో చదివి చెబుతుంటే పక్కకు నెట్టి, షోరూములో అన్నిటికంటే ఎత్తైన బండి తలుపు మీద ఒక్కటి కొట్టాడు. కంగుమంది. "బండంటే ఇదప్పా!" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? చర్చిలో లేచి నిలబడి, ఈ కారు దేవుడే చూపించాడని సాక్ష్యం చెప్పాడు. ఇరుక్కున్నది అక్కడే. ఇప్పుడు మారిస్తే తప్పు దేవుడిదా, గణుపుదా?

మధ్యాహ్నం అన్నాల దగ్గర యేసుప్రసాద్ మొదలుపెట్టాడు.

"నాయనా, వచ్చే ఆదివారం రాజంపేటలో అక్క బిడ్డకు బాప్తిస్మం. దీన్ని నమ్ముకోని పోతే నడిదోవలో ఆగిపోతాది. మార్చేద్దాం."

"మెకానిక్ షెడ్డోడు మొన్ననే బాగు చేసినాడు కదరా!"

"చెడినప్పుడల్లా వాడు బాగు చేస్తానే ఉండాడు."

"మీరిద్దరూ కార్లో రాండప్పా. నేను బస్సుకు పోతా," అంది కృపమణి, చారు వడ్డిస్తూ.

ఏసేపు కంచం పక్కకు నెట్టాడు. "మనవడి బాప్తిస్మానికి నా పెండ్లాం బస్సు దిగి వస్తే నా మొగం యాడ పెట్టుకోవల్ల? నా కారంటే నీకింత ఎగతాళా?"

కృపమణి గరిటె గిన్నెలో పెట్టింది. "ఎగతాళి కాదయ్యా. ఎక్కలేను."

"ఏమి?"

"నా మోకాళ్ళు అంత ఎత్తుకు లేయవు. ఆటో అయితే కిందికుంటాది, కూర్చోని జరిగితే సాలు. కారు కొన్న దినం నీ స్నేహితులంతా కూర్చున్యారు. పాస్టరయ్య కూర్చున్యాడు. నన్నొక్కపారి కూర్చోమన్యావా?"

"మరి నోరు తెరిచి చెప్పొచ్చు గదే!"

"దేవుడే సూపించినాడని అందరి ముందరా చెప్తివి. ఆ దేవునికి నా మోకాళ్ళు తెల్దా అనుకోని ఊరకుంటి."

ఏసేపు నెట్టిన కంచం మళ్ళీ ముందుకు లాక్కుని, "రేపు షోరూముకు పోదాం, నువ్వూ రా," అన్నాడు.

మర్నాడు ముగ్గురూ ఇంకో షోరూముకు పోయారు. పాత కారు సరిగ్గా గేటులోనే ఆగిపోతే, అక్కడి పనివాళ్ళే లోపలికి తోసుకొచ్చారు. ఎందుకు మారుస్తున్నారని ఎవరూ అడగలేదు.

అమ్మేవాడు పైకప్పు అద్దమనీ, కెమెరా అనీ చెప్పుకుపోతున్నాడు. ఏసేపు వేలు అలవాటుగా మడుచుకుని తలుపు దాకా పోయింది. అక్కడే ఆగింది. చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"కృపా, నువ్వు కూర్చో."

మొదటి దాంట్లో ఆమె సగం ఎక్కి, పళ్ళు బిగించి దిగింది. రెండో దానికి తల తగిలింది. మూడోది చిన్న కారు, నీలం రంగు. మంచం మీద కూర్చున్నట్టు కూర్చుని, కాళ్ళు రెండూ లోపలికి తిప్పుకుని, తనే తలుపు వేసుకుంది. అద్దం వెనక ఆమె ముఖంలో నొప్పి లేదు. ఇన్నాళ్ళూ ఆ నొప్పిని చూడని తన కళ్ళను ఏసేపు తుండుగుడ్డతో తుడుచుకున్నాడు.

"అయ్యా, ఇది కిందికుండాది. బండల గనికి నువ్వు పోయే గుంతల దోవలో బండి అడుగు తగులుతాదేమో?"

"తగిలితే నేను దిగి నడుస్తాలే. నువ్వు మాత్రం దిగొద్దు."

ఆదివారం చీకటితోనే రాజంపేటకు బయలుదేరారు. "అక్కా, నా గిరాకీ పాయె!" అని గేటు దగ్గర మారెన్న గుండె బాదుకున్నాడు. ఏసేపు తాళం తిప్పాడు. దగ్గుతుందేమోనని ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. బండి మెత్తగా కదిలింది.

"నాయనా, ఈపారి గూడా సాక్ష్యం చెప్తావా?" అన్నాడు వెనక నుంచి యేసుప్రసాద్.

"నాకెందుకురా? ఎంచింది మీయమ్మ, ఆమెనే చెప్పనీ."

ముందు సీట్లో కృపమణి వేలు మడిచి, ఎదురుగా ఉన్న డ్యాష్‌బోర్డు మీద ఒక్కటి కొట్టి, చెవి పెట్టి విన్నది.

"దబ్బుమంటాండాదయ్యా! పగులుండాదేమో?"

ఏసేపు నవ్వలేక, ఏడవలేక, దోవ కనపడక కారు పక్కకు ఆపుకున్నాడు. ఆ కారు ఆగడం అదే మొదటిసారి.