వెయ్యో రోజు ఫైలు

ముర్తినిని చంపింది జబ్బు కాదు. ఒక ఫైలు.

ఆ ఫైలు ఫొటో వేషం వేసుకుని ఆసుపత్రి కంప్యూటర్లలోకి దూరింది. ముర్తిని ఆపరేషన్ బల్ల మీద ఉండగా తెరలన్నీ నల్లబడ్డాయి. ఏ రక్తం ఎక్కించాలో, ఏ మందు పడదో చెప్పే కాగితం ఒక్కటీ బయట లేదు. నాలుగు గంటలు అలాగే గడిచాయి. గురువారం, జావా అయిదు రోజుల వారంలో పోన్ నాడు, మధ్యాహ్నం మూడింటికి ఆమె పోయింది. ఆ ఫైలు దూరిన కంత సంగతి ఆమె భర్త కుంచోరో పనిచేసే గూఢచారి ఆఫీసుకి పదకొండు రోజుల ముందే తెలుసు. తెలిసీ మూయించలేదు. ఆ కంతలోంచి వాళ్ళకీ పనులున్నాయి. ఇందులో అనుమానం లేదు. వాదించాల్సిందీ లేదు.

కుంచోరో ఇంకా అదే ఆఫీసులో పనిచేస్తున్నాడు. ఇంకెక్కడికీ వెళ్ళాలనిపించలేదు.

శనివారం పొద్దున పిలుపు వచ్చింది. సెమరాంగ్ రేవుపట్నంలో మోటారు సామాన్ల కొట్టు పైన మూడో అంతస్తు. వాకిట్లో 'చేపల సర్వే' అని బోర్డు. లోపల పై అధికారి హెండార్తి సలాక్ పండు తొక్క తీస్తోంది.

"కూర్చోండి పక్ కుంచోరో."

"నిలబడే వింటాను బు." అక్కడ పక్ అంటే అయ్యగారు, బు, ఇబు అంటే అమ్మగారు.

"మీ ఇష్టం. నాచు మళ్ళీ వచ్చింది."

నాచు అన్నది ఆ ముఠాకి ఆఫీసు పెట్టిన పేరు. ఏ దేశం వాళ్ళో ఇప్పటికీ తేలలేదు. ఆసుపత్రి పని వాళ్ళదే.

"టార్గెట్?"

"సముద్రపు నీళ్ళు బయటికి తోడే పంపులు. ఆరు స్టేషన్లు. పెద్ద పోటు వేళకి ఆరింటినీ ఒకేసారి ఆపి గేట్లు తెరిచేస్తారు. ఉత్తరపు పేటలన్నీ సముద్రం కన్నా కిందే కదా. రెండు గంటల్లో కిటికీలు మునుగుతాయి."

ఆ పేటల్లో నలభై వేలమంది ఉంటారు. కుంచోరో ఇల్లూ అక్కడే.

"ఎలా దూరతారు?"

"లుంబుంగ్ లోంచే."

లుంబుంగ్ అంటే గాదె. సర్కారు ఆఫీసులన్నీ ఫైళ్ళు పంచుకునే ప్లాట్‌ఫాం పేరది. ఆసుపత్రికీ అదే, పంపులకీ అదే, ఈ ఆఫీసుకీ అదే. దాని వాకిట్లో కాపలా కాసే స్కానర్ ఏ ఫైలుకైనా తల ఒక్కటే చూస్తుంది. తల ఫొటోలా ఉంటే ఒళ్ళంతా ఫొటోయే అనుకుని లోపలికి వదిలేస్తుంది.

"ఆ కంత ఇంకా మూయలేదా?"

హెండార్తి తల ఎత్తలేదు. "అది పైవాళ్ళ నిర్ణయం."

"వెయ్యి రోజులుగానా?"

"మీరు సంపంగిని కలవండి. వేళ ఎప్పుడో ఆమె చెబుతుంది. ఇదుగో, ఈ పెన్ను దగ్గరుంచుకోండి. మీట నొక్కితే చుట్టూ ఇరవై మీటర్ల మేర నెట్‌వర్క్ తెగిపోతుంది."

"రాస్తుందా?"

"రాయడానికి కాదు."

"అయితే పెన్నెందుకు చేశారో," అని జేబులో పెట్టుకున్నాడు.

సంపంగి అసలు పేరు నస్తితి. నాచు ముఠాలో ఉంటూ ఆఫీసుకి కబుర్లు చేరవేసే మనిషి. రెండు నెలలుగా ఆమెని కలిసేది కుంచోరోయే. పాత రైల్వే స్టేషన్ పక్క సోతో పులుసు అమ్మే కొట్లో మూలబల్ల దగ్గర కూర్చుంది. మీగడరంగు పట్టు గౌను, నల్లకళ్ళద్దాలు. చుట్టుపక్కల బల్లల దగ్గర మగవాళ్ళ చెంచాలు గిన్నెల్లోనే ఆగిపోయి ఉన్నాయి.

"పులుసులో నిమ్మకాయ పిండారా?" అన్నాడు కుంచోరో. అది కోడ్.

"పిండాల్సింది మీరేనన్నారు," అని అద్దాలు తీసింది. "మంగళవారం సాయంత్రం ఆరింటికి. ఫైలు ముందే వెళ్తుంది. ఏ వేషంలో వెళ్తుందో నాకింకా చెప్పలేదు."

"వాళ్ళు మిమ్మల్ని నమ్ముతున్నారా?"

"మీరు నమ్మినంత." నవ్వింది. ఆ నవ్వుకి కొట్టువాడు అడక్కుండానే ఇంకో గిన్నె తెచ్చిపెట్టాడు. "పక్, ఒకటి అడగనా? ఇబు ముర్తిని వెయ్యో రోజు దగ్గరపడింది కదా. ప్రార్థన పుస్తకం వేయించారా?"

వేయించలేదు. పోయినవాళ్ళకి జావాలో ఆఖరి తంతు వెయ్యో రోజున జరుగుతుంది, దానికి ఈ పుస్తకం పంచుతారు. అట్ట మీద పోయినవాళ్ళ ఫొటో, లోపల ప్రార్థనలు, చివర్న పిలుపు. ఇప్పుడు అచ్చుతో పాటు ఫోన్లకీ పంపుతారు. వచ్చిన పుస్తకాన్ని తెరవని మనిషి ఆ ఊళ్ళో లేడు. పోయినవాళ్ళ మొహం చూడకుండా చెరిపేయడమంటే వాళ్ళని గుమ్మంలోంచి గెంటేసినట్టే.

"ఫొటో ఇవ్వండి, నేను చేసిపెడతాను," అంది నస్తితి. "నేనూ జావా పిల్లనే, సోలో ఊరిదాన్ని. మా అమ్మమ్మకి నేనే చేశాను. ఇబు పోయింది ఏ రోజు?"

"గురువారం పోన్. మూడింటికి."

అంతకు మించి చెప్పలేదు. జావా మనిషికి అంతకు మించి చెప్పక్కర్లేదు. మిగతాది వేళ్ళ మీద లెక్కకట్టుకుంటారు. పర్సులోంచి ఫొటో తీసి ఇచ్చాడు.

ఆదివారం పుస్తకం ఫైలు వచ్చింది. అతను తెరవలేదు. ఆ మొహం చూడాలంటే ఇంకా చేతకావడం లేదు. పంపుహౌస్ వాళ్ళకి లుంబుంగ్‌లో పంపేశాడు. ముర్తిని పందొమ్మిదేళ్ళు అక్కడ రికార్డులు రాసింది. ఆరు స్టేషన్లలోనూ ఆమెని ఎరగనివాళ్ళు లేరు.

సోమవారం సాయంత్రం నాలుగున్నరకి ఇంట్లో పక్కింటి ఆడవాళ్ళు అన్నం వారుస్తున్నారు. చాపలు పరుస్తున్నారు. ఫోన్ మోగింది. పెద్ద పంపుహౌస్ ఆపరేటర్ ఙదిమాన్. ఆరు స్టేషన్లకీ ఆజ్ఞలు వెళ్ళేది అక్కడి సర్వర్ నుంచే. కుంచోరో కన్నా పదేళ్ళు పెద్దవాడు, కాంగ్, అంటే అన్నా, అని పిలుస్తాడు.

"ఏరా కుంచోరో, పెళ్ళాంతో పాటు మతి కూడా పోయిందా?"

"ఏమైంది కాంగ్?"

"మంగళవారం సాయంత్రం పెడతావా వెయ్యో రోజు? పొద్దు గుంకితే బుధవారం పుట్టేస్తుంది కదరా! వెయ్యిన్నొకటో రోజు అన్నం తిని ముర్తిని ఏం చేసుకుంటుంది? ఉంటే నీ మూతి మీద కొట్టేది."

"ఇవాళ సాయంత్రమని కదా అందరికీ చెప్పాను."

"నోటితో చెప్పావు. పుస్తకంలో మంగళవారం పహింగ్, సాయంత్రం ఏడింటికి అని ఉంది. ఇదుగో, ఆఫీసు కంప్యూటర్లో పెద్దది చేసి పెట్టుకున్నా. మిగతా స్టేషన్ల వాళ్ళూ చూశారట. బొమ్మ మటుకు బావుందిరా. నవ్వుతోంది."

కుంచోరో వేళ్ళ మీద లెక్కకట్టాడు.

మంగళవారం పహింగ్. గురువారం పోన్‌కి వెయ్యో రోజు అదే, రోజు తప్పు కాదు. సాయంత్రమే తప్పు. జావాలో రోజు పొద్దు గుంకాక మొదలవుతుంది. మంగళవారం తంతుకి సోమవారం సాయంత్రమే చాపలు పరుస్తారు. ఇది ఎవరూ నేర్పరు. ఉయ్యాల్లోనే తెలుస్తుంది. లెక్క బయట నేర్చుకున్న మనిషికి రోజు దొరుకుతుంది, సాయంత్రం దొరకదు. సోలోలో అమ్మమ్మ లేదు.

అమ్మమ్మ అబద్ధమైతే, దాడి మంగళవారమన్న మాటా అబద్ధమే.

"కాంగ్, పెద్ద పోటు రేపే కదా?"

"రేపేమిటి? ఇవాళే, అయిదూ ఏభైకి. రేపటికి తగ్గుముఖం. చేపల లెక్కలు రాసే ఆఫీసులో ఇంతమంది చదువుకున్నవాళ్ళున్నారు, ఒక్కడూ సముద్రం సంగతి అడగలేదా?"

అడగలేదు. అందరూ నస్తితినే అడిగారు.

"సర్వర్ మెయిన్ పీకెయ్ కాంగ్. ఇప్పుడే. ఆ పుస్తకంలో విషం ఉంది."

"నువ్వు పంపిందే కదరా! నీ పేరుతో వచ్చిన ఫైలుని నమ్మొద్దంటావు, నీ గొంతుతో వచ్చిన ఫోన్‌ని నమ్మమంటావా? పోటు వేళకి మెయిన్ పీకితే నన్ను ఉరి తీస్తారు. మనిషివి రా, చూద్దాం."

ఫోన్ పెట్టేశాడు. కుంచోరో అతన్ని తప్పు పట్టలేదు. ఆఫీసు మొత్తంలో ఒక్కడికి ఆ బుద్ధి ఉన్నా ముర్తిని బతికేది.

ఆఫీసు ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని మోటారు సైకిల్ తీశాడు. రేవుకి పోయే కంటైనర్ లారీలు దారంతా నిలబడి ఉన్నాయి. అప్పటికే తారు మీద ఉప్పునీళ్ళు చెమర్చాయి. కాలవగట్టు మీదుగా తిప్పి పంపుహౌస్ చేరేసరికి అయిదూ నలభై అయిదు. గేటు ముందు నస్తితి ఎర్రకారు ఉంది.

కంట్రోల్ రూంలో ఆమె ఆపరేటర్ కుర్చీలో కాపలాగా కూర్చుని ఉంది. ఒళ్ళో బతిక్ శాలువా, దాని కింద పిస్తోలు మూతి. ఙదిమాన్ గోడ దగ్గర అల్లం కషాయం కెటిల్ పట్టుకుని నిలబడ్డాడు. తెర నిండా ముర్తిని నవ్వుతోంది. ఆమె గడ్డం కింద సన్నని అంకెలు కదులుతున్నాయి. 04:10. 04:09.

వెయ్యి రోజుల తర్వాత మొదటిసారి ఆ మొహం చూశాడు.

చెవిలో ఇయర్‌ఫోన్ గరగరలాడింది. హెండార్తి.

"పక్ కుంచోరో, ఆపకండి. ఇవాళే అని నాకు పొద్దుటే తెలుసు. ఆజ్ఞ ఎక్కణ్ణుంచి వస్తోందో ట్రేస్ చేస్తున్నాం. ఇరవై నిమిషాలు నడవనివ్వండి. నాచు వేరు దొరుకుతుంది."

"ఇరవై నిమిషాలకి నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి బు?"

"మోకాళ్ళ దాకా. అంతే."

"మంచాన పడ్డవాళ్ళకి?"

ఇయర్‌ఫోన్‌లో కీబోర్డు టకటకలు వినిపించాయి.

"అప్పుడూ ఇలాగే అనుకున్నారా? నాలుగు గంటలే కదా అని?"

"ఇది దానికి సమయం కాదు."

ఇయర్‌ఫోన్ తీసి నేల మీద పడేసి బూటు కింద నలిపాడు.

"విన్నారుగా," అంది నస్తితి. "నేను ఇద్దరి మనిషిని పక్. నాచు వాళ్ళూ ఆపొద్దంటున్నారు, మీ ఆఫీసు వాళ్ళూ ఆపొద్దంటున్నారు. ఇద్దరి మాటా కలవడం ఇదే మొదటిసారి. మీరెందుకు మధ్యలో?"

"సాయంత్రం తప్పు రాశారు."

ఆమె కనుబొమలు కలిశాయి. "రోజు రెండుసార్లు సరిచూశాను."

"రోజు సరే."

00:40.

జేబులోంచి పెన్ను తీసి మీట నొక్కాడు. నెట్‌వర్క్ తెగలేదు. సిరా కారి అరచెయ్యంతా నీలమైంది. నస్తితి పకాలున నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఙదిమాన్ కెటిల్ మూత తీసి కషాయమంతా ఆమె ఒళ్ళో కుమ్మరించాడు. కేక పెట్టి లేచింది. పిస్తోలు పేలి గడియారం పగిలింది.

"నా కుర్చీలో కూర్చుంటుందట!" అన్నాడు ఙదిమాన్, పిస్తోలుని కాలితో బల్ల కిందకి తన్ని.

సర్వర్ పెట్టె వెనక మెయిన్ కేబుల్ బొటనవేలంత లావుంది. ఉప్పుగాలికి పిన్ను బిగుసుకుపోయింది. కుంచోరో రెండు చేతులా పట్టుకుని కాలు గోడకి తన్ని లాగాడు. రాలేదు. తెర మీద 00:06. మళ్ళీ లాగాడు. 00:03. ముర్తిని నవ్వుతూనే ఉంది.

ఊడింది. తెర నల్లబడింది. ఆమె పోయింది.

గదిలో ముగ్గురూ చెవులు రిక్కించారు. నేల కింద ధడధడ అలాగే ఉంది. పంపులు తిరుగుతున్నాయి. పైమాట వినపడకపోతే పంపులు ఆఖరున విన్న మాట పట్టుకునే తిరుగుతాయని ముర్తిని ఎప్పుడో అన్నం పెడుతూ చెప్పింది. అప్పుడతను సరిగ్గా వినలేదు.

నస్తితిని పోలీసు జీపు తీసుకుపోయింది. మర్నాటికి ఏ పోలీసు స్టేషన్‌లోనూ ఆమె పేరుతో కాగితం లేదు.

కుంచోరో ఇంటికి చేరేసరికి చాపల మీద జనం కాళ్ళు ముడుచుకుని ఎదురుచూస్తున్నారు. చేతి నీలం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆలస్యమెందుకైందని ఎవరూ అడగలేదు. వాకిట్లో నేల పొడిగా ఉంది.

బుధవారం ఆఫీసుకి వెళ్ళి పాత దస్త్రాల గదిలో రెండు గంటలు కూర్చున్నాడు. లుంబుంగ్ కంత గురించి నలభై పేజీల నోట్ ఉంది. పదకొండు రోజుల ముందు తారీఖుతో, మూయించవద్దని హెండార్తి సంతకం ఉంది. రెంటినీ కంప్యూటర్లోకి ఎక్కించి ఒకే ఫైలుగా చుట్టాడు. పైన ముర్తిని ఫొటో తొడిగాడు. లుంబుంగ్ తయారుచేసిన కంపెనీకి, అది వాడే ప్రతి ఆఫీసుకీ పంపాడు. స్కానర్ తల చూసింది. ఫొటో అనుకుంది. వదిలేసింది.

ఆ కంతలోంచి పోయిన ఆఖరి ఫైలు అదే. తొమ్మిదో రోజుకి మూసేశారు.

పదో రోజున హెండార్తి పిలిచింది. పక్కన జకార్తా నుంచి వచ్చిన ఇద్దరున్నారు. ఈసారి బల్ల మీద పండు లేదు.

"మీరేం పంపారు?"

"మా ఆవిడ ఫొటో బు."

"అందులో ఏముంది?"

"ఫొటోయే అని మీ స్కానర్ చెప్పింది కదా."

జకార్తావాళ్ళలో ఒకడు దగ్గి నవ్వు ఆపుకున్నాడు. హెండార్తి నవ్వలేదు. "మొదటినుంచీ చెప్పండి. ఆసుపత్రి దగ్గర్నుంచి."

కుంచోరో గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. సిరా కారిన పెన్ను దాని పక్కన పెట్టాడు.

"వెయ్యో రోజుతో ఆమెకి చేయాల్సినవన్నీ అయిపోయాయి. సమాధికి రాయి కూడా వేశాను. ఆసుపత్రి సంగతి ఇంకెవరికీ చెప్పను. మీకు అసలే చెప్పను."